పిల్లలకు రోమను అంకెలు

రోమను అంకెలు మన బిడ్డలకెందులకని కొందఱు సోదరీమణులు మమ్మడుగుచున్నారు. లెక్కచేయుట కవి పనికిరావన్న మాట నిజమే. కాని గోడగడియారముల మీదను, పుస్తకముల పీఠికాపుటల మీదను, మన రాజ్యాంగపు ఆంగ్లప్రతిలోని భాగసంఖ్యలలోను నవి నేటికిని నిలిచియున్నవి. బిడ్డ దినమునకు పదిమాఱులు చూచుదానిని చదువ నేర్పుట తల్లి పనియే.

మా పొరుగింటి యేడేండ్ల బాలుడు, నాలుగు వ్రాయుమనగా నాలుగు నిలువుగీతలు గీసెనట. పాఠశాలలో నది తప్పని కొట్టివేసిరి. వాడు కన్నీళ్లతో వచ్చి మా గడియారమును చూపి, “పిన్నిగారూ, ఇదికూడ తప్పేనా?” యనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. పెక్కు గడియారములపై నాలుగింటిచోట నాలుగు గీతలే యుండును. లండనులోని వెస్టుమినిస్టరు పెద్దగడియారము వంటివి కొన్నిమాత్రమే అయిదు గుర్తునకు ముందొక గీతను చూపును. రోమనులే రెండువిధములుగను వ్రాసిరి. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియమను మహారంగశాల ద్వారములపై సంఖ్యలు చెక్కియున్నవి. అందు నలువదినాలుగవ ద్వారమున, నలువదికి ఏబది గుర్తునకు ముందు పది నుంచి తీసివేత చూపిరి; నాలుగింటికి మాత్రము నాలుగు గీతలు చెక్కిరి. పాఠశాలపద్ధతిని నేర్పవలసినదే. అయినను బిడ్డ కన్నులార చూచినది కల్ల యనరాదు. “గడియారమున పాతవాడుక, బడిలో నేటివాడుక” యని చెప్పగా వాని యేడ్పు మానెను.

నేర్పుటకు చీపురుపుల్లలు చాలును. ఒక పుల్ల ఒకటి. రెండు పుల్లల మొనలను క్రింద జేర్చిన అయిదు. రెంటిని కత్తెరవలె నొకదానిపై నొకటి వైచిన పది. పెద్దగుర్తునకు కుడివైపున పెట్టినది కూడిక, ఎడమవైపున పెట్టినది తీసివేత. పది గుర్తునకు ఎడమనున్న పుల్లను కుడికి జరుపుమనుడు, తొమ్మిది పదునొకండగును. బిడ్డలకిది గారడివలె నుండును.

పిమ్మట నొకరైన నడుగుదురు: “ఎనిమిదికి అయిదు పుల్లలు పట్టినవి, పదికి రెండేమి?” ఈ ప్రశ్నకొఱకే మేము కాచుకొనియుందుము. మన లెక్కలో అంకె యున్న స్థానమే దాని విలువను పెంచును. స్థానము ఖాళీయైన సున్న కాచును. రోమనులకు సున్నగుర్తే లేదు. సున్నతో కూడుటకును తీయుటకును మన బ్రహ్మగుప్తుడు 628లోనే నియమములు వ్రాసెను. పుల్లలతో మూడువందలయేడును ఏడుచే గుణింపుమన్నచో, సున్నయెంత యుపకారియో బిడ్డకు తానే తెలియును.

సంస్కృతసంఖ్యలు వల్లించిన బిడ్డలకు వేఱొకచిక్కు గలదు. పందొమ్మిదిని ఏకోనవింశతి యందుము. ఒకటి తక్కువ యిరువది యని యర్థము. లాటినుభాషలోను నట్లే యందురు. అందుచే తెలివిగల బిడ్డ యిరువదికి ముందొక పుల్ల పెట్టును. మాట యట్లున్నను వ్రాత యట్లు గాదు. పది వ్రాసి ప్రక్క తొమ్మిది వ్రాయవలయును. ఒకటిని అయిదునుండియు పదినుండియు మాత్రమే తీయుదురు. పదిని ఏబదినుండియు నూటినుండియు. నూటిని అయిదువందలనుండియు వేయినుండియు. కావున నలువదితొమ్మిదికి ఏబదిముందొక గీత చెల్లదు. ఈ నియమమును వల్లింపజేయవలెనని మావారందురు. వారి తరగతిలో నలువదిమంది, మా వసారాలో నలుగురు! మేము పుల్లలనే నమ్ముచున్నాము.

పదులు, ఒకట్లు చక్కగ తెలియకమున్ను దీనిని మొదలిడవలదు. మొదట గడియారపు పండ్రెండు, పిదప ముప్పదితొమ్మిది వఱకు. అంతవఱకు క్రొత్తగుర్తు అక్కఱలేదు. నిలువుపుల్ల పాదమున కుడికి అడ్డపుల్ల చేర్చిన ఏబది. నూటికి వంపు కావలయును. కుడివైపు తెఱచిన సగము గాజుముక్క సరిపోవును. పగిలిన గాజు గ్రుచ్చుకొనును గనుక ప్లాస్టిక్కు గాజే మేలు. ఆ ముక్కను త్రిప్పి ఎడమన పుల్ల నిలిపిన అయిదువందలు. వేయికి నాలుగు పుల్లలు.

మా వసారాలో 2018లో పుట్టిన బాలిక తన జన్మసంవత్సరమును పదునైదు పుల్లలతో పేర్చెను. 2020లో పుట్టిన తమ్మునికి పండ్రెండే పట్టినవి. తనకు మూడు తక్కువైనవని వాడు పేచీపెట్టగా, అక్క మూడు పుల్లలు వాని చేతికిచ్చి యూరుకోబెట్టినది.