ఐఫోనా, గెలాక్సీయా? ముందు లెక్క చూసుకోండి

హైదరాబాద్: పాత ఫోన్ మార్చాలనుకునే చాలామంది ఐఫోన్ 17, గెలాక్సీ ఎస్25 మధ్య ఊగిసలాడుతున్నారు. 2025లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు 256 జీబీ ఐఫోన్ ధర రూ.82,900, గెలాక్సీ ధర రూ.80,999. తేడా రెండు వేలు కూడా లేదు. అసలు తేడా ఎన్నేళ్లు వాడతామన్న దాంట్లోనే ఉంది.

ఏ ఫోనైనా రెండేళ్లకే పక్కన పెడితే ఏడాదికి రూ.40 వేలకు పైనే పడుతుంది. ఐదేళ్లు వాడితే రూ.16 వేల పైచిలుకే. ఎస్25కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ మాటిచ్చింది. 2018 నాటి ఐఫోన్ ఎక్స్‌ఎస్‌కి ఆపిల్ 2024లోనూ ఐఓఎస్ 18 ఇచ్చింది. అంటే రెండూ ఎక్కువకాలం నడిచేవే.

ఇక కిస్తీల సంగతి. కార్డుపై 'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని బిల్లులో డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మాత్రం కొన్నవాళ్ల జేబులోంచే పోతుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఇది గమనించాలి.

పాత ఫోన్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తూ, ఛార్జింగ్ ఒక్కటే నిలవకపోతే, కొత్త బ్యాటరీ వేయించుకుంటే సరిపోతుంది. ఈలోగా డబ్బు కూడబెట్టుకుంటే వచ్చే ఏడాది కిస్తీ లేకుండానే నచ్చింది కొనుక్కోవచ్చు.