కంచే చేను మేసే మందు

యాంటీ ఆక్సిడెంట్ల ప్రకటనలు చూసీ చూసీ ఆక్సీకరణ అంటేనే ఒంటికి హాని అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. గ్రీన్ టీ పొట్లం మీద అదే మాట, విటమిన్ బిళ్లల డబ్బా మీదా అదే మాట. నిజానికి మన తెల్ల రక్తకణాలకు ఆ ఆక్సీకరణే ఆయుధం. క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్ కణం దాన్ని మింగి, సూపర్ ఆక్సైడ్‌నూ దాన్నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ దాని మీద కుమ్మరిస్తుంది. ఈ ఆయుధం పుట్టుకతోనే లోపించిన పిల్లలున్నారు. బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమి కూడా వాళ్లలో కొందరికి జబ్బు తెచ్చిపెడుతుంది.

ఇంత దాడిలోనూ క్షయ క్రిమి బతికి బట్టకడుతుందంటే అది దాని రక్షక ఎంజైముల చలవే. వాటిలో ముఖ్యమైనది క్యాట్‌జీ. దాని పనితనాన్ని ల్యాబులో కంటితోనే చూడొచ్చు. గాజు గొట్టంలో పెంచిన క్రిముల మీద పెరాక్సైడ్ కలిపిన ద్రవం పోస్తే బుసబుసమని నురుగు లేస్తుంది. పెరాక్సైడ్ నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతోందన్నమాట. అవే క్రిముల్ని ముందుగా 68 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంచితే ఎంజైము చెడిపోయి నురుగు రాదు. క్షయ క్రిమిని దాని దాయాదుల నుంచి వేరుచేయడానికి ల్యాబులవాళ్లు ఏళ్ల తరబడి వాడిన కిటుకు ఇది.

ఇక ఐసోనియాజిడ్ సంగతి. 1912లో ప్రాగ్‌లో తయారై, క్షయకు పనికొస్తుందని తెలియడానికి 40 ఏళ్లు పట్టిన మందు. మనం మింగే బిళ్లలో ఉన్నది ఇంకా మందు కాలేదు. క్రిమి లోపలికి వెళ్లాక క్యాట్‌జీయే దాన్ని మందుగా మారుస్తుంది. ఆపైన అది క్రిమి మైనపు గోడను కట్టనివ్వదు. కంచే చేను మేయడమంటే ఇదే. కుష్ఠు క్రిమిలో ఈ ఎంజైము జన్యువు ఎప్పుడో పాడైపోయింది, అందుకే కుష్ఠుకు ఐసోనియాజిడ్ పనిచేయదు.

మరి మందును తప్పించుకోవాలంటే క్రిమి తన కంచెను తానే పీకేసుకోవాలి. 1950లలో అమెరికాలో మిడిల్‌బ్రూక్ అనే పరిశోధకుడు గమనించింది అదే: మందుకు బాగా మొండికేసిన క్రిములు నురుగు రానివ్వవు, గినీ పిగ్‌లకు ఎక్కిస్తే పెద్దగా జబ్బూ తేలేవు. వైద్యలోకానికి అదో ఊరట. కానీ మదరాసు క్షయ చికిత్సా కేంద్రంలో చూసింది వేరు. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో చేరినంత గుణం కనిపిస్తుందని 1959లో లోకానికి చాటిన కేంద్రమది. అక్కడి రోగుల క్రిముల్లో చాలా వాటికి, మందుకు లొంగేవైనా సరే, బ్రిటిష్ రోగుల క్రిములంత పెరాక్సైడ్‌ను తట్టుకునే శక్తి లేదు. గినీ పిగ్‌లలోనూ అవి బలహీనంగానే ఉన్నాయి. అయినా మనుషుల్ని మంచాన పడేశాయి. గినీ పిగ్ ఇచ్చిన భరోసా మనిషికి చెల్లలేదు.

ఉన్న కాస్త ఊరటా తర్వాత పోయింది. క్యాట్‌జీలో 315వ స్థానంలో సెరిన్ బదులు త్రియోనిన్ చేరితే చాలు, పెరాక్సైడ్‌ను విరిచే పని చాలావరకు సాగుతుంది, ఐసోనియాజిడ్‌ను మందుగా మార్చే పని మాత్రం కుంటుపడుతుంది. ఈ మందుకు లొంగని క్రిముల్లో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. కంచె కంచెలాగే ఉంది, చేను మేయడం మానేసింది.

నా ఫిర్యాదు ఇక్కడే. తెమడ ఇచ్చిన రోగికి మొదట చేసే యంత్ర పరీక్ష సాధారణంగా రిఫాంపిసిన్ అనే మరో క్షయ మందు ఒక్కదాని సంగతే చెబుతుంది. క్రిమి దానికి లొంగుతుందని రాగానే మామూలు నాలుగు మందులూ మొదలవుతాయి. ఐసోనియాజిడ్ సంగతి తేలాలంటే నమూనా పెద్ద ల్యాబుకు వెళ్లాలి. 2014–16 జాతీయ సర్వేలో కొత్త రోగుల్లో దాదాపు 11 శాతం మందికి, మునుపు మందులు వాడినవారిలో సుమారు 25 శాతం మందికి ఈ మందు పనిచేయని క్రిములున్నాయి. అలాంటి రోగికి చికిత్స చివరి నాలుగు నెలల్లో ఇచ్చే మూడు మందుల్లో ఒకటి ఉత్తుత్తిదే. మిగిలిన రెండింటి మీద భారం పడి రిఫాంపిసిన్ కూడా చేజారితే అది ఎండీఆర్ క్షయ.

దీనికి విరుగుడు లేకపోలేదు. లీవోఫ్లాక్సాసిన్ చేర్చి ఆరు నెలలు వాడే పద్ధతి మన మార్గదర్శకాల్లోనే ఉంది. రిఫాంపిసిన్ ఫలితాన్ని రెండు గంటల్లో చెప్పే యంత్రాల్ని జిల్లాలకు చేర్చినవాళ్లు, ఐసోనియాజిడ్ జవాబును కూడా మందులు మొదలైన వారంలోపే రోగి కార్డు మీదికి ఎక్కించాలి.