ఎవరి 'పడదు' వింటున్నారు?

మన పల్లెల్లో 'పడదు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వండేది మాలామె, మాదిగామె అని తెలిసి "మా పిల్లోడికి బడి అన్నం పడదు" అని క్యారేజీ కట్టి పంపేది ఒకటి. అది రోగం కాదు, కులం. మన రాష్ట్రంతో సహా 5 రాష్ట్రాల్లో 531 ఊళ్ల సర్వే మీద సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో రాసిన వ్యాసం ఈ గుట్టునే బయటపెట్టింది.

రెండోది నిజం పడదు. వేరుశనగ పలుకు కొరికిన కాసేపటికే పెదాలు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోయే పడదు. డాక్టర్లు అలర్జీ అంటారు. మొదటిదానికి ఊరంతా తలూపుద్ది. రెండోది కూలోళ్ల బిడ్డ చెబితే "మీకు కూడా పడకపోవడాలా? పెట్టింది తిను" అంటారు. అనేవాళ్లలో మా పంతుళ్లూ ఉన్నారు.

చిట్టమూరు చుట్టూ రొయ్యల గుంటలే. రొయ్య పడని బిడ్డ ఉంటే ఆ తల్లికి తెలుసు, ఎండురొయ్యలు వెయ్యకుండా కూర వండుద్ది. బడి పళ్లెంలోకి ఏమొస్తుందో మాత్రం ఆమె చేతిలో లేదు. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరేదైనా గుడ్డు ఉంది, వేరుశనగ చిక్కీ ఉంది. పిల్లల్లో ఎక్కువగా పడని వాటిలో ఈ రెండూ ఉన్నాయి. గుడ్డు అలర్జీ చాలామందికి వయసుతో పోతుంది. వేరుశనగ, రొయ్య అలర్జీలు చాలావరకు అంటిపెట్టుకునే ఉంటాయి.

2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో పురుగుమందు కలిసిన అన్నం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలనే నిబంధన ఉంది. మంచిదే. విషముంటే బయటపడుద్ది. కానీ అలర్జీ అట్లా కాదు. మనకు కమ్మగా ఉన్న చిక్కీయే ఆ ఒక్క బిడ్డకు విషం. మనం రుచి చూస్తే ఏం తెలుస్తుంది?

అందుకే శిక్షణ కావాలంటున్నాం. టీచరుకీ, ఆయాకీ, వంటమ్మకీ. గుడ్డు తీసిన గరిటె ఆ బిడ్డ పప్పులో పెట్టకూడదని తెలియాలి. ఊపిరాడక గురకొస్తుంటే, వాంతి చేసుకుని సొమ్మసిల్లుతుంటే అది దిష్టీ కాదు, గాలీ కాదని తెలియాలి. బిడ్డను నడిపించకూడదు. కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. సెట్రిజిన్ బిళ్లతో దురద తగ్గొచ్చు, ప్రాణం నిలబడదు. ప్రాణం నిలబెట్టేది తొడ కండలోకి వేసే అడ్రినలిన్ సూది.

అది ఖరీదైన మందేం కాదు. టీకాల రోజు ఊళ్లోకొచ్చే ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. టీకా వికటిస్తే ఒక డోసు వేసి ఆసుపత్రికి పంపే శిక్షణ ఆమెకిచ్చారు. ఒక గ్రామ నర్సు నేర్చుకున్న పనిని బడి నేర్చుకోలేదా? బ్రిటన్‌లో 2017 అక్టోబర్ నుంచి బళ్లు డాక్టరు చీటీ లేకుండానే ఆ సూది పెన్నులు కొని పెట్టుకోవచ్చు. మన బడి బీరువాలో దూది, టింక్చరూ ఉంటే గొప్ప.

ఒక మాట ముందే చెబుతున్నాం. శిక్షణ పేరుతో వంటమ్మ నెత్తిన ఇంకో బరువు పెట్టొద్దు. ఆమె గౌరవవేతనం 2019లో 3 వేలయింది. శిక్షణకు పోయిన రోజుకు కూలి కట్టివ్వాలి. ఇంకోటి, అలర్జీని అడ్డం పెట్టుకుని గుడ్డు ఎత్తేద్దామని చూసేవాళ్లుంటారు, జాగ్రత్త! గుడ్డు మన పిల్లలందరి హక్కు. పడని బిడ్డకు బదులుగా వేరే బలమైన తిండి పెట్టాలి, అదీ అదే వరసలో కూర్చోబెట్టి. ఆరోగ్యం పేరు చెప్పినా సరే, వేరే బంతిని మేం ఒప్పుకోం. ఆ బంతిలో మన తాతలు చాలాకాలం కూర్చున్నారు.

ఈసారి తల్లిదండ్రుల మీటింగుకి పోయే అమ్మలారా, అయ్యలారా! ఎవరికి ఏం పడదో రాసిన పుస్తకం బళ్లో ఉందా, అది వంటమ్మకు చదివి వినిపించారా, అడ్రినలిన్ ఎంత దూరంలో ఉంది అని హెడ్మాస్టర్ని నిలబెట్టి అడగండి. ఏం జవాబిచ్చారో మాకు రాయండి. బిడ్డ పేరు లేకుండా వచ్చే సంచికలో వేస్తాం.