తుపాకికీ విరాసత్ చేయండి: జగిత్యాల కలెక్టర్‌కు ఇబ్రహీంపట్నం మండల రైతుల వినతిపత్రం

గౌరవనీయులైన జగిత్యాల జిల్లా కలెక్టర్ గారికి
(తహసీల్దార్, ఇబ్రహీంపట్నం ద్వారా)

విషయం: లైసెన్సుదారు చనిపోయాక తుపాకి వారసులకు చేరే పద్ధతి గురించి.

అయ్యా,

ఇంటి పెద్ద కన్నుమూస్తే భూమి విరాసత్ ఎట్లా చేయించుకోవాలో మా ఊళ్లలో అందరికీ ఎరుకే. ఆయన పేరు మీదున్న తుపాకి సంగతే ఎవరికీ తెలియదు. మనిషితోపాటే లైసెన్సూ పోతుంది. ఆ తర్వాత తుపాకి దూలానికి ఊరికే వేలాడుతున్నా 1959 ఆయుధ చట్టం కింద నేరమే. ఆలస్యం చేయకుండా ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలని 21వ సెక్షన్ చెప్తున్నది. దినవారాల మధ్య ఆ సెక్షన్ ఎవరికి గుర్తుంటుంది?

జమ చేసినవాళ్ల గోస ఇంకో తీరు. మాలో ఒక కుటుంబం తండ్రి తుపాకిని తామే తీసుకపోయి అప్పగించింది. రసీదు అడిగితే రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. గడువులోపు వారసులు లైసెన్సు తెచ్చుకోకపోతే, అమ్ముకోకపోతే ఆయుధాన్ని సర్కారు జప్తు చేసుకునే వీలు అదే సెక్షన్‌లో ఉంది. రసీదే లేనివాళ్లు ఏ రోజు నుంచి లెక్కబెట్టుకోవాలి?

2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం మంచి దారే చూపింది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, తాను బతికుండగానే వారసుడి పేరు చెప్పి లైసెన్సు మార్పించవచ్చు. రెన్యువల్‌కు పోయినప్పుడు ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. అమెరికాలో కొన్ని రకాల ఆయుధాలను ట్రస్టు పేరు మీద పెట్టుకుంటారని, ఒక ట్రస్టీ పోయినా మిగతావారి దగ్గర అవి చట్టబద్ధంగానే ఉంటాయని అక్కడికి పోయిన మా పిల్లలు చెప్తుంటారు. మేం దాన్ని అడగడం లేదు. మన చట్టం లైసెన్సును మనిషికిస్తుంది, అట్లనే ఉండనీయండి. ఒక మనిషి పోయి ఇంకో మనిషి వచ్చేదాకా ఏర్పడే ఖాళీ గురించే మా బాధ. మా వైపు ఆ ఖాళీ మరీ పెద్దది. కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, తుపాకి ఇక్కడ ఉంటుంది.

తుపాకి మాటెత్తగానే అధికారులు ఎందుకు ఆలోచిస్తారో తెలియనివాళ్లం కాము. మా పక్క జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన కాలాన్ని మా పెద్దలు చూశారు. అందుకే కొత్త తుపాకులు అడగడం లేదు, ఉన్నవి వారసులకు చేరితే చాలు. పంట కాపలాకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని 13వ సెక్షనే అంటున్నది. చేల మీద పడే అడవి పందిని కొట్టాలంటే వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి, నిజమే. కానీ చప్పుడుకే మంద మళ్లుతుంది. తుపాకి ఠాణాలో మూలపడితే మక్క చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ వస్తుంది. ఆ తీగకు పందీ మనిషీ ఒకటే.

కనుక తుపాకి జమ చేసిన రోజే నంబరు, తేదీ, గడువు రాసిన రసీదు ఇప్పించాలి. ఇప్పటికే రసీదు లేక ఉన్నవాళ్లకు మండలంలోనే ఒక రోజు కూర్చొని ఠాణా రిజిస్టరు చూసి రాసివ్వాలి. అప్పటిదాకా ఎవరి తుపాకినీ జప్తు చేయొద్దు. వారసుల అర్జీల మీద పోలీసు నివేదికకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు అని నియమాల్లో ఉన్న గడువును పాటించాలి. కాదంటే కారణం రాసివ్వాలి, అప్పీలుకు పోతాం. కొడుకు గల్ఫ్‌లో ఉంటే భార్య అర్జీనో, బిడ్డ అర్జీనో తిప్పి పంపకుండా తీసుకోవాలి. 2019 సవరణ ప్రకారం ఒకరి దగ్గర రెండుకు మించి ఉండరాదు గనుక, ఇప్పటికే రెండున్న వారసుడికి మూడోది అమ్ముకునే దారి చెప్పాలి. 70 దాటిన లైసెన్సుదారులందరికీ 25వ నియమం గురించి తెలుగులో నోటీసు పంపాలి.

ఆ నోటీసు ముందుగా పంపండి. మాలో కొందరికి ఎక్కువ టైం లేదు.

ఇట్లు,
ఇబ్రహీంపట్నం మండల రైతులు, ఆయుధ లైసెన్సుదారుల కుటుంబాలు

ప్రతి: జిల్లా ఎస్పీ గారికి