భారతంమిట్ట మీది నటవిద్య

తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో పుట్టి, నటుడు కావలెనను కోరికను మనసున పెంచుకొనిన యువకుడు నేడు మొదట చేయు పని ఫొటోలు తీయించుకొనుట; రెండవది హైదరాబాదు బస్సు ఎక్కుట. ఈ రెంటి నడుమ నేర్చుకొనవలసిన విద్య యొకటి ఉన్నదని అతనికి చెప్పువారు అరుదు. చెప్పినను, నగరమందలి ఏదో శిక్షణాలయమున రుసుము చెల్లించి కొద్ది నెలలలో ముగించుకొనదగిన లాంఛనముగానే చెప్పుదురు. ఏ విద్యకొఱకై అతడు ఇల్లు విడిచి పోవుచున్నాడో ఆ విద్య వేసవి వచ్చినప్పుడెల్ల అతని ఊరి పొలిమేరలోనే తెల్లవార్లు జరుగుచున్నదనియు, దానిని మనము భక్తిగా చూచితిమే గాని బడిగా ఎన్నడును చూడలేదనియు, ఈ సీమ నటులకు కలిగిన పెద్ద నష్టమిదియే అనియు నా దృఢమైన అభిప్రాయము.

చిత్తూరు సీమ పల్లెలలో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న చోట్ల భారతోత్సవము జరుగు తీరు ఇక్కడివారికి వివరింప నక్కరలేదు. మధ్యాహ్నము హరికథకుడు మహాభారతమును కథాక్రమమున చెప్పును. పగలు వినిన ఆ కథనే రాత్రి వీధినాటక బృందము వేషములు కట్టి ఆడును. సాధారణముగా 18 రోజులు ఈ విధముగా గడచును. పంట ఇల్లు చేరి, మరల వానకై రైతు ఆకాశము వంక చూచు దినములవి. భారతము చెప్పించినచో వాన కురియునను విశ్వాసము ఈ మెట్ట నేలలో నేటికిని సడలలేదు. కనుక ఈ ఉత్సవము జరుగు భారతంమిట్ట మీద నటుని ఎదుట కూర్చుండువారు వినోదమునకై టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకులు కారు. కథ వారికి ముందే తెలియును. పద్యములు పెక్కింటిని వారు చిన్ననాటినుండి వినియున్నారు. కొత్తదనముతో వారిని మభ్యపెట్టుట సాధ్యము కాదు. తెలిసిన కథను తెలిసినవారి యెదుట, అప్పుడే జరుగుచున్నట్లు తోపింపజేయుట కంటె కఠినమైన పరీక్ష నటునికి వేరొకటి ఉండునా?

అర్జునుని తపస్సు జరుగు దినమును తలచుకొనుడు. మిట్ట నడుమ ఎత్తైన తపస్సు మాను నాటుదురు. అర్జున వేషధారి పద్యములు పాడుచు దానిపైకి మెల్లమెల్లగా ఎక్కును. క్రింద, సంతానమునకై మ్రొక్కుకొనిన స్త్రీలు తడిబట్టలతో సాష్టాంగముగా నేలపై పరుండి యుందురు. అతడు పైనుండి విడుచు విభూతి, నిమ్మపండ్లు, పూలు తమపై పడునా అని ఎదురుచూతురు. ఆ క్షణమున అతని కాలు జారరాదు, శ్రుతి జారరాదు, భావము అంతకంటెను జారరాదు. ఏలయన క్రింద ఉన్నవారికి అతడు వేషగాడు కాడు, అర్జునుడే. ఇక చివరినాటి దుర్యోధన వధ: నేలపై మట్టితో మలచిన మహాకాయము చుట్టును భీమ దుర్యోధన వేషధారులు ఎండలో గదలు త్రిప్పుచు, పాడుచు, అధిక్షేపించుకొనుచు తిరుగుదురు, తొడ విరిగిన పిదప ద్రౌపది వేషము వచ్చి జుట్టు ముడివేసికొనును, సాయంకాలము అగ్నిగుండ ప్రవేశము. రాత్రి జాగరము చేసి, పగటి యెండలో ఇంతటి ఆవేశమును నిలుపుకొనగల శరీరము కొద్ది నెలలలో తయారగునది కాదు.

భరతుడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములను నగర శిక్షణాలయములలో విడివిడిగా నేర్పుదురు. వీధినాటకమున అవి విడివడు అవకాశమే లేదు: కిరీటము, భుజకీర్తులు మోయుచు, అడుగు వేయుచు, గిరికీలు తిరుగుచు, అదే యూపిరితో పద్యమెత్తుకొనవలెను. తోటివాడు పద్యము మరచినను, మద్దెల తడబడినను ఆట ఆగరాదు. దీపస్తంభము క్రిందనున్న చిట్టచివరి మనిషికి సైతము తన మాట అందినదా లేదా అని నటుడు కన్నులతో తెలిసికొనును. ఈ గుణములలో కెమెరా యెదుట వ్యర్థమగునది ఒక్కటి లేదు. కంఠమును, చేతి విసురును తగ్గించుకొనవలసి యుండుట నిజమే. కాని ఉన్నదానిని తగ్గించుకొనుట సాధనతో అలవడును. లేనిదానిని ఏ దర్శకుడు తెచ్చి పెట్టగలడు?

ఈ మాటకు ఋజువు మన చిత్తూరు పేరునే ఇంటిపేరుగా ధరించిన మహానటుడే. 1904లో రేపల్లెలో జన్మించిన నాగయ్యగారు చిత్తూరు నాగయ్య అయినది చిత్తూరు రామవిలాస సభ రంగస్థలమువలననే. వారు అక్కడ ‘సారంగధర’లో చిత్రాంగి వేషము కట్టి పేరు పొందిరి. 1938లో ‘గృహలక్ష్మి’తో చిత్రసీమలో అడుగిడునాటికి వారు ముప్పదుల ప్రాయమువారు, అంతవరకు గడచిన కాలమంతయు నాటకము, సంగీతము, ఉద్యోగము, పత్రికారచన, స్వాతంత్ర్యోద్యమము. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రములలో వారి ముఖమున కనుపించు ఆ ప్రశాంతత నటింపకుండుటవలన వచ్చినది కాదు. ఏండ్ల తరబడి రంగస్థలముపై పాడి, ఆడి, దేనిని విడువవలెనో తెలిసికొనిన వాని ప్రశాంతత అది. 1965లో పద్మశ్రీ పొందిన అట్టి నటుడు చివరి దినములలో లేమితో కాలము గడపి 1973లో కన్నుమూయుట వేరొక పాఠము. దానిని ఈ వృత్తిలోనికి వచ్చువారికి దాచిపెట్టకుండ తెలుపవలెను.

పగలు వేరొక పని చేసికొని రాత్రి వేషము కట్టువానిని నటుడనుట ఎట్లని అడుగువారున్నారు. వారికి మదనపల్లె నుండియే సమాధానము చెప్పవచ్చును. అనిబిసెంటమ్మ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడై, 1919లో రవీంద్రునికి ఆతిథ్యమిచ్చిన ఐర్లాండు కవి జేమ్స్ కజిన్స్, అంతకు పూర్వము డబ్లిన్ నగరమున ఫే సోదరుల నాటక బృందముతో కలసి పనిచేసినవాడు. అతని నాటకములను వారు 1902లో ప్రదర్శించిరి. ఆ బృందమువారు పగలు గుమాస్తాలుగా, అంగళ్లలో పనివారుగా బ్రదుకుచు సాయంకాలములలో అభ్యాసము చేసిన సామాన్యులు. జగద్విఖ్యాతమైన ఆబీ థియేటరు అట్టివారి శ్రమనుండియే 1904లో వెలసెను.

మరియొక సంగతి. ‘పుష్ప’ (2021) చిత్రమున కథానాయకుడు పలికినది చిత్తూరు సీమ యాస. ఆ పాత్రకే 69వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ నటుని బహుమతి లభించినది. తెలుగు నటునికి అది లభించుట అదే మొదటిసారి. ఎల్లప్పుడును ప్రతినాయకుల అనుచరులకు మాత్రమే తగునని పక్కకు నెట్టబడిన మన పలుకుబడికి ఇంతటి గౌరవము వచ్చినందుకు నేను సంతోషింతును. కాని ఆ యాసను తల్లి యొడిలో నేర్చిన మన పిల్లవాడు చిత్రసీమలోనికి పోయినంతనే మొదట దానినే దాచుకొనుచున్నాడు. పైగా సీరియళ్లలోను, సినిమాలలోను ఒకరి ముఖమునకు వేరొకరి కంఠము తగిలించు అలవాటు బలిసినది. తన కంఠమును పరులకు అప్పగించిన నటుడు సగము విద్యను చేజేతుల వదలుకొనినవాడే. భారతంమిట్ట మీద అట్టి అప్పగింత చెల్లదు.

ఇంత చెప్పినను, ఈ విద్యను నమ్ముకొని బ్రదుకుట ఎట్లు అను ప్రశ్న మిగిలియే యున్నది. దానిని తప్పించుకొనుట అన్యాయము. వీధినాటకుని సంపాదన అంతయు ఉత్సవ దినములలోనిది. తక్కిన కాలమంతయు సేద్యమో కూలియో. తండ్రి కష్టమును కనులార చూచిన కొడుకు గజ్జె కట్టనన్నచో అతనిని నిందింపలేము. వృద్ధ కళాకారులకు ప్రభుత్వము పింఛను ఇచ్చుట మంచిదే. కాని విద్య ఆగిపోయిన పిమ్మట ఇచ్చు సొమ్ము అది. విద్య నడచుచుండగనే, దానిని నేర్పువానికి, నేర్చువానికి ఇవ్వవలసినది వేరుగా ఉన్నది.

అందుకు తగిన చోటుగా కుప్పమునందు 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయము ఉన్నది. సరిహద్దు దాటినంతనే తమిళ పల్లెలలో ఇదే భారతమును తెరుక్కూత్తుగా ఆడుదురు. రెండు భాషల నటులను ఒకచోట కూర్చుటకు ఇంతకంటె అనువైన స్థలము లేదు. చదువుల అర్హతతో పనిలేకుండ వీధినాటక గురువులను అక్కడ అధ్యాపకులుగా నియమించి, నెలజీతమిచ్చి, విద్యార్థులను మూడు వేసవులు ఉత్సవములకు వారి వెంట పంపవలెను. నాలుగవ యేడు కెమెరా యెదుట నటించుట, డబ్బింగు, ఒప్పందములు చదువుకొనుట నేర్పవలెను. ఆడపిల్లలను ఇందులో చేర్చుకొనక తీరదు. ద్రౌపది వేషమును పురుషుడే కట్టు ఆచారమును నేను కించపరచను. కాని పొరుగున కడప సీమలో, 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు స్త్రీలను రంగస్థలముపై నిలిపిరి. ఆ కుటుంబమునుండి వచ్చిన కమలాబాయియే 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించెను. రంగస్థల నటుడు బళ్లారి రాఘవగారు స్త్రీ పాత్రలకు స్త్రీలే కావలెనని జీవితాంతము వాదించిరి. ఊరి పెద్దలు వచ్చు వేసవికి బృందమును కుదుర్చుకొని అచ్చారము, అనగా బయానా, ఇచ్చునప్పుడే, బృందముతో ఇద్దరు నేర్చుకొనువారు రావలెననియు, వారిలో ఒకతె ఆడపిల్ల కావలెననియు, వారి దినవెచ్చము విశ్వవిద్యాలయము భరింపవలెననియు పత్రమున వ్రాయించుకొనవచ్చును. అందుకు క్రొత్త చట్టముతో పనిలేదు.