చూపు లేని వారిని వంటింట్లోకి రానివ్వండి

మిరప కోతలు మొదలైతే మా పల్నాడు పల్లెల్లో తెల్లవారేసరికి ఇళ్లు ఖాళీ అవుతాయి. కోతకు వెళ్లేవారు ఆటోలెక్కి పొలాలకు పోతారు. ఊళ్లో మిగిలేది ముసలివారు, పసిపిల్లలు, కాలు కదపలేని వారు, చూపు లేని వారు.

కోతల రోజుల్లోనే వార్త కోసం ఒక ఊరు వెళ్లాను. ఒక ఇంటి అరుగు మీద ముప్పయి దాటిన ఆడమనిషి కూర్చుని ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. "అన్నం తిన్నావా అక్కా?" అని అడిగాను. "పొద్దున వదిన పెట్టిపోయింది తిన్నాను తమ్ముడూ. మళ్లీ వాళ్లు చేలోంచి వచ్చాకే" అంది. ఇంట్లో బియ్యం ఉన్నాయి. పప్పు ఉంది. గ్యాస్ ఉంది. అయితే ఆమెను పొయ్యి దగ్గరకు వెళ్లనివ్వరు. కాల్చుకుంటుందని భయం.

"నేర్చుకోవాలని లేదా?" అన్నాను. "నేర్పేవాళ్లుంటే ఎందుకు నేర్చుకోను?" అంది. పేరు మాత్రం పత్రికలో వేయవద్దంది. ఇంటివాళ్లను తప్పు పట్టినట్లవుతుందని ఆమె బాధ.

ఇంటివాళ్లది తప్పనడానికి లేదు. వారికి మాత్రం ఎవరు చెప్పారు? 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. ఆ డబ్బు ఎంతో మేలు చేస్తోంది. కాని డబ్బు చేతిలో, బియ్యం డబ్బాలో ఉండి కూడా ఆకలితో అరుగు మీద కూర్చోవలసి వస్తే, ఆ లోటు పింఛనుతో తీరేది కాదు. దానికి కావలసింది శిక్షణ, కాస్త సామాను.

వంటకు కళ్లే ఉండాలా? ఆవాలు వేగాయని మనకు చెప్పేది చిటపటలే. పప్పు ఉడికిందని కుక్కరు ఈలలు లెక్కపెట్టి చెబుతాం. కందిపప్పు వేగిన సంగతి వాసన చెబుతుంది. అన్నం మెతుకు పట్టి చూస్తాం. అమెరికాలో చూపు కోల్పోయిన క్రిస్టీన్ హా అనే ఆమె 2012లో మాస్టర్‌షెఫ్ పోటీలో కళ్లున్న వారందరినీ దాటి మొదటి స్థానం గెలిచింది. అంత దూరం పోనక్కరలేదు. చూపు లేకుండానే ఏళ్ల తరబడి వండుకుంటున్న వారు మన జిల్లాలోనే ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకున్న సంగతులే కింద రాస్తున్నాను.

ముందు సర్దుబాటు

అన్నిటికంటే ముఖ్యమైనదానికి పైసా ఖర్చు లేదు. వంటింట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టారో అక్కడే ఉండాలి. ఉప్పు డబ్బా ఎవరు వాడినా తిరిగి అదే చోట పెట్టాలి. అలమార తలుపు సగం తెరిచి వదిలితే తలకు తగులుతుంది. దారిలో బిందె పెడితే కాలికి తగులుతుంది. ఇంట్లో అందరూ ఈ కట్టుబాటుకు ఒప్పుకోకపోతే ఎన్ని సామాన్లు కొన్నా వృథా.

రెండోది డబ్బాల గుర్తు. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదారకు రెండు, బియ్యపు రవ్వకు మూడు. పోపుల పెట్టెలో గిన్నెల వరస ఎన్నడూ మారకూడదు.

మూడోది మన రైతుల ఇళ్లలో మరీ ముఖ్యం. పురుగుమందు డబ్బా వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. ఖాళీ మందు డబ్బా కడిగి నూనె పోసుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే ఈ రోజే మానాలి. ఇది కళ్లున్న వారికీ ప్రమాదమే.

నిప్పు దగ్గర

కట్టెల పొయ్యి కంటే గ్యాస్ పొయ్యి మేలు. నిప్పురవ్వలు ఎగిరిపడవు. మంట ఒక్క చోటే ఉంటుంది. గిన్నెను ముందు ఆరి ఉన్న పొయ్యి మీద పెట్టి, రెండు చేతులతో తడిమి మధ్యకు సరిచేసుకున్న తరువాతే వెలిగించాలి. దించేటప్పుడు ముందు మంట ఆర్పాలి. అగ్గిపుల్ల వద్దు. లైటరు వాడాలి. మీట తిప్పితే తానే వెలిగే పొయ్యి అయితే ఇంకా మంచిది. మీట మీద ఎంసీల్ ముద్ద చిన్న బొడిపెలా అంటిస్తే మంట పెద్దగా ఉందో, సన్నగా ఉందో వేలికి తెలుస్తుంది.

మసిగుడ్డతో దించడం మానాలి. దాని కొస వేలాడి మంట అందుకుంటుంది. మోచేతి దాకా వచ్చే మందపాటి చేతి తొడుగులు కావాలి. చీర కొంగు నడుముకు దోపుకోవాలి. నూనె డబ్బా వంచి పోయకూడదు. వెడల్పు మూతి గిన్నెలో పోసుకుని, పొడుగు కాడ ఉన్న చిన్న గరిటెతో తీసుకుంటే కొలతా తప్పదు, ఒలకదు.

కత్తిపీట కొత్తగా నేర్చుకునేవారికి పనికిరాదు. అంచు పైకి తెరుచుకుని నేల మీద నిలబడి ఉంటుంది. వెతికే చెయ్యి నేరుగా దానికే తగులుతుంది. కత్తి, చెక్క పలక మేలు. ఉల్లిపాయను రెండు చెక్కలు చేసి, కోసిన వైపు పలకకు ఆనిస్తే దొర్లదు. పలకను అంచులున్న పళ్లెంలో పెట్టుకుంటే ముక్కలు చెదరవు.

ఇండక్షన్ పొయ్యికి మంట ఉండదు. కాని నున్నటి గాజు మీద తాకితే పనిచేసే మీటలు వేలికి తెలియవు. నొక్కితే లోపలికి పోయే మీటలున్నదే కొనాలి.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టకూడదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు. నేల మీదే పరుచుకుంటుంది. కనుక కిటికీ ఒక్కటి తీస్తే చాలదు, తలుపు తీయాలి. ఈ ముక్క మొదటి రోజే నేర్పాలి.

ఏది ముందు, ఏది వెనుక

మొదట నిప్పు లేని పనులు. నీళ్లు కొలిచి పోయడం, వెల్లుల్లి ఒలవడం, మజ్జిగ చిలకడం. తరువాత కరెంటు రైస్ కుక్కరు. అన్నం అయ్యాక మీట టక్కున పైకి లేస్తుంది, ఆ చప్పుడే గుర్తు. ఆపైన కుక్కరులో పప్పు. ఆ తరువాత పోపు. మూకుడులో నూనె కాచి వేయించే పనులు అన్నిటికంటే చివర. ఈ వరసలో పోతే ఇంటివాళ్ల భయమూ కొంచెం కొంచెంగా తీరుతుంది.

రబ్బరు బ్యాండ్లు, ఎంసీల్, చేతి తొడుగులు, పటకారు, గరాటు, పలక, పోపుల పెట్టె, కొలత చెంచాలు. మా పట్నం బజారులో ధరలు అడిగి లెక్కవేశాను. పదిహేను వందల లోపే అవుతుంది.

అధికారులు చేయవలసింది

మండలంలో ఉపకరణాల శిబిరం పెట్టినప్పుడు చూపు లేని వారికి చేతికర్ర ఇస్తారు. ఫొటో తీస్తారు. నేను వార్త రాసిన శిబిరాల్లో వంటింటి సామాను ఇవ్వడం ఒక్కసారీ చూడలేదు. చేతికర్రతో పాటు ఈ సంచి కూడా ఇవ్వాలి.

చూపు లేని వారి కోసం డెహ్రాడూన్‌లో జాతీయ సంస్థ ఉంది. సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. మిరప చేల నడుమ బతికే మనిషి అంత దూరం పోయి నేర్చుకుని రావడం అయ్యే పని కాదు. శిక్షణే మండలానికి రావాలి. ప్రతి మండలంలో మహిళా సమాఖ్య ఉంది. అక్కడ నెలకు నాలుగు రోజులు నేర్పవచ్చు. నేర్పేవారిగా ఇప్పటికే వండుకుంటున్న చూపు లేని స్త్రీలనే పెట్టి కూలి ఇవ్వాలి. వారికంటే బాగా చెప్పగలవారు లేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం శిక్షణ, స్వయం ఉపాధి ప్రభుత్వ బాధ్యత అంటోంది. అంధుల పాఠశాలల హాస్టళ్లలో పదో తరగతి పూర్తయ్యే లోపు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ అన్నం, పప్పు వండటం రావాలి. మగపిల్లలను మినహాయించనక్కరలేదు. ఆకలి వారికీ వేస్తుంది.

కాల్చుకుంటే ఎవరిది బాధ్యత అని కొందరు అడుగుతారు. కళ్లున్న వారూ కాల్చుకుంటున్నారు. అయినా వారిని వంటింటికి దూరం చేయలేదు, జాగ్రత్త నేర్పాం. వీరికీ అదే చేయమంటున్నాం.

మళ్లీ కోతల కాలం వస్తుంది. అందరూ చేలకు పోతారు. అప్పటికైనా ఆ అక్క తన అన్నం తాను వండుకుని వేళకు తినేటట్లు జిల్లా అధికారులు, సమాఖ్య పెద్దలు ఏర్పాటు చేయాలని కోరుతున్నాము.