కులం ఊసెత్తని రక్షణ కోడ్ మన మైదానాలకు చాలదు

2022 మే 15న థామస్ కప్ గెలిచిన భారత బ్యాడ్మింటన్ జట్టులో అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఉన్నాడు. కోనసీమ అంతా మురిసిపోయింది. తొమ్మిది రోజులు తిరగకుండానే, మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ అదే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆట మన ఊళ్లను కలుపుతుందని చెప్పేవాళ్లు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడీ మాట ఎందుకంటే, దేశంలో క్రీడా సంఘాలకు రక్షణ నియమావళి రాసుకునే కాలం వచ్చింది. 2023 జనవరిలో మహిళా రెజ్లర్లు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నాకే ప్రభుత్వం కదిలింది. అదే ఏడాది మే నెలలో, చట్టప్రకారం అంతర్గత కమిటీలు ఎందుకు లేవని జాతీయ మానవ హక్కుల కమిషన్ పలు క్రీడా సమాఖ్యలకు నోటీసులిచ్చింది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం మహిళా, మైనర్ క్రీడాకారుల కోసం సురక్షిత క్రీడా విధానం ఉండాలంటోంది. ఢిల్లీలో రాసిన కాగితం రాష్ట్ర, జిల్లా సంఘాల మీదుగా రాజోలు, కొత్తపేట దాకా జిరాక్సు కాపీగా దిగితే మనకు ఒరిగేదేమిటన్నదే మా ప్రశ్న.

అధికారం ఎవరి చేతిలో?

2010 నుంచి 2019 వరకు స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వస్తే, అందులో 29 కోచ్‌ల మీదేనని సమాచార హక్కు కింద బయటపడింది. కారణం తెలిసిందే. జట్టులో ఎవరుండాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో తేల్చేది కోచ్. స్పోర్ట్స్ కోటాలో సీటుకైనా, ఉద్యోగానికైనా కావాల్సిన సర్టిఫికెట్‌కు దారి కూడా ఆయన దగ్గర నుంచే.

పేట నుంచి వచ్చిన అమ్మాయికి ఈ అధికారం రెట్టింపు బరువు. ఆ క్లబ్బు కాకపోతే ఇంకోటి లేదు. డబ్బు కట్టి వేరేచోట నేర్చుకునే స్తోమత లేదు. కోనసీమ పేటల్లో తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి పోయి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలెందరో. జరిగింది ఎవరికి చెప్పాలి? చెబితే ఆట మాన్పిస్తారనే భయం ఒకటి, క్లబ్బు పెద్దలే నాన్నకు పని ఇచ్చే రైతులైతే కూలి పోతుందనే భయం ఇంకొకటి.

గెలిచి పేరు తెచ్చుకున్నా కులం వదలదు. 2021లో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మహిళల హాకీ జట్టు ఓడినప్పుడు, హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో దూషించారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది.

చట్టం ఇప్పటికే ఏం చెబుతోంది?

పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం స్టేడియం, శిక్షణ సంస్థ, పోటీలు జరిగే చోటు కూడా పని ప్రదేశమే. పది మందిలోపు పనిచేసే చోట్ల ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. మండల స్థాయి క్లబ్బులు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. స్థానిక కమిటీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ మహిళ ఒకరు తప్పక ఉండాలని చట్టం చెప్పింది. అంతర్గత కమిటీకి మాత్రం అలాంటి నిబంధన లేదు. ఆ లోటును నియమావళే పూడ్చాలి.

బాధితురాలు మైనర్ అయితే పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే దాచిపెడితే ఏడాది వరకు జైలు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ స్పష్టం చేసింది. కాబట్టి "ముందు మేం మాట్లాడి చూస్తాం" అనే హక్కు ఏ సంఘం పెద్దలకూ లేదు.

మన నియమావళిలో ఉండాల్సినవి

1. కులం పేరుతో పిలవడం, ఎగతాళి, తిండి దగ్గర, నీళ్ల దగ్గర, గదుల కేటాయింపులో వేరు చేయడం దుష్ప్రవర్తనేనని పేరుపెట్టి రాయాలి. "వివక్ష చూపరాదు" అనే ఒక్క ముక్క చాలదు.

2. ఫిర్యాదు తీసుకునే కమిటీలో దళిత మహిళ, సంఘంతో సంబంధం లేని బయటి సభ్యురాలు ఉండాలి.

3. బాలికల జట్టు బయట ఊరికి వెళ్తే వెంట మహిళ ఉండాలి. కోచ్ ఒంటరిగా పిల్లను గదికి పిలవడం, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టడం నిషేధించాలి.

4. సెలక్షన్ ఒక్కరి చేతిలో ఉండకూడదు. మార్కులు, కారణాలు రాసి బోర్డు మీద పెట్టాలి.

5. ఫిర్యాదు చేసిన పిల్లను జట్టు నుంచి తప్పించకూడదు. విచారణ ముగిసేదాకా పక్కన ఉండాల్సింది ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి.

6. 1098 నంబరు, స్థానిక కమిటీ వివరాలు తెలుగులో మైదానం గోడ మీద రాయాలి.

ఇన్ని నియమాలు పెడితే కోచింగ్‌కు ఎవరు వస్తారని కొందరంటారు. హద్దులు రాసి ఉంటే నిజాయితీగా నేర్పే పీఈటీకీ రక్షణే. అబద్ధపు ఫిర్యాదుల భయం చూపించేవాళ్లు, భయంతో ఆట మానేసిన పిల్లల లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

విద్యార్థి సంఘాలు చేయగల పని ఒకటుంది. జిల్లా స్థానిక కమిటీలో ఎవరున్నారో, క్రీడా సంస్థల నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో కలెక్టరేట్‌ను సమాచార హక్కు కింద అడగండి. ఆ జవాబు పట్టుకుని ప్రతి మండల క్రీడా సంఘం తలుపు తట్టండి. సంక్రాంతి పోటీలకు చందా అడిగేవారిని మీ నియమావళి ఏదని అడగండి. జిల్లాకు అంబేడ్కర్ పేరు నిలబెట్టుకున్నాం. ఆ పేరున్న జిల్లాలో ఒక్క దళిత అమ్మాయి కూడా భయంతో ఆట మానకుండా చూసే బాధ్యత మనదే.